ఫైలు ఒకచోట, చిరునామా మరోచోట

వెబ్‌సైటులో ఫైలు అప్‌లోడ్ చేయడమంటే, బ్రౌజర్ ఆ ఫైలులోని బైట్లను ఫారంలోని మిగతా వివరాలతో కలిపి ఒకే అభ్యర్థనగా సర్వర్‌కు పంపడం. మొదట్లో హెచ్‌టీఎంఎల్ ఫారాలకు ఈ వీలు లేదు. పేరు, ఊరు లాంటి అక్షరాలే వెళ్లేవి. 1995 నవంబరులో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1867 అనే పత్రం, ఫారంలోని ఒక్కో గడినీ ఒక్కో భాగంగా విడదీసి, భాగానికీ భాగానికీ మధ్య సరిహద్దు గుర్తు పెట్టి పంపే పద్ధతిని ప్రతిపాదించింది. చిన్నచిన్న సవరణలతో నేటికీ నడుస్తున్నది అదే. సర్వర్‌లోని అప్లికేషన్ ఆ భాగాలను విప్పి, ఫైలును ముందు తాత్కాలికంగా ఒకచోట రాసుకుని, తర్వాత ‘అప్‌లోడ్స్’ లాంటి ఫోల్డర్‌లోకి మారుస్తుంది. డేటాబేస్‌లోకి ఫైలు వెళ్లదు. అది ఏ ఫోల్డర్‌లో ఏ పేరుతో ఉందో చెప్పే చిరునామా మాత్రమే వెళ్తుంది.

ఒకే సర్వర్ ఉన్నంతకాలం ఈ ఏర్పాటుకు వంక పెట్టనక్కర్లేదు. స్కాలర్‌షిప్ దరఖాస్తులు తీసుకునే ఒక సైటును ఊహించుకుంటే, విద్యార్థులు ఆదాయ ధ్రువపత్రం, మార్కుల మెమో, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ స్కాన్ చేసి పెడతారు. చివరి తేదీ దగ్గరపడ్డాక రద్దీ తట్టుకోలేక రెండో సర్వర్ పెట్టి, వచ్చినవాళ్లను రెండింటికీ పంచే లోడ్ బ్యాలెన్సర్‌ను ముందు నిలబెడతారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. మెమో మొదటి సర్వర్ డిస్కులో చేరింది. దాన్ని సరిచూసుకుందామని విద్యార్థి నొక్కిన లింకు రెండో సర్వర్‌కు వెళ్లింది. అక్కడ ఆ ఫైలే లేదు. మళ్లీ రిఫ్రెష్ చేస్తే కనిపిస్తుంది, ఇంకోసారి చేస్తే పోతుంది. ప్రోగ్రామర్ ల్యాప్‌టాప్‌లో సర్వర్ ఒక్కటే కాబట్టి అతని దగ్గర ఈ తప్పు ఎన్నిసార్లు ప్రయత్నించినా బయటపడదు.

దీనికి తోచే మొదటి మందు రెండు సర్వర్లకూ కలిపి ఒకే డిస్కు, అంటే ఎన్‌ఎఫ్‌ఎస్ లాంటి పద్ధతిలో నెట్‌వర్క్ మీద పంచుకునే డిస్కు. అది పనిచేస్తుంది, కానీ ఆ డిస్కున్న యంత్రం ఆగితే సైటు మొత్తం ఆగుతుంది. హెరోకు లాంటి వేదికల మీద నడిచే అప్లికేషన్లకు ఆ అవకాశం కూడా తక్కువ. అక్కడ అప్లికేషన్ నడిచే డబ్బా కనీసం రోజుకోసారి కొత్తగా మొదలవుతుంది, మొదలైనప్పుడల్లా దాని డిస్కులో రాసుకున్నది తుడిచిపెట్టుకుపోతుంది.

అసలు జబ్బు మాత్రం సర్వర్ల సంఖ్యలో లేదు. ఫైలు ఒకచోట, దాని చిరునామా మరోచోట ఉండటంలో ఉంది. డేటాబేస్ బ్యాకప్ రాత్రి 2 గంటలకు, ఫోల్డర్ బ్యాకప్ 4 గంటలకు తీశారనుకుంటే, ఆ రెండు గంటల్లో చేరినవీ తీసేసినవీ ఒకదాంట్లో ఉండి ఒకదాంట్లో ఉండవు. డిస్కు చెడిపోయి బ్యాకప్ నుంచి తిరిగి నిలబెట్టిన రోజున చిరునామా ఉండి ఫైలు లేని దరఖాస్తులు, ఫైలు ఉండి ఎవరిదో తెలియని మెమోలు బయటపడతాయి. ఫైళ్లను కూడా డేటాబేస్‌లోనే పెట్టి, ఆ డేటాబేస్‌ను అనేక యంత్రాల మీద పరచాలన్న ఆలోచనకు మూలం ఇదే. స్థలం చాలకపోవడం తర్వాతి మాట.

డేటాబేస్‌లో ఫైళ్లు పెట్టవచ్చా అన్న తగువు చాలా పాతది. 2006లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌కు చెందిన పరిశోధక బృందం, అందులో డేటాబేస్ రంగంలో పేరుమోసిన జిమ్ గ్రే కూడా ఒకరు, ఈ తగువును కొలిచి చూసింది. ఒకే యంత్రం మీద ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కొన్ని, ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ వ్యవస్థలో కొన్ని పెట్టి పోల్చారు. 256 కేబీ కన్నా చిన్నవి డేటాబేస్‌లో, 1 ఎంబీ కన్నా పెద్దవి ఫైల్ వ్యవస్థలో మెరుగ్గా నడిచాయి. మధ్యలోవి వాడకాన్ని బట్టి అటో ఇటో మొగ్గాయి. చెరిపి మళ్లీ రాసేకొద్దీ పెద్ద ఫైళ్లు డిస్కు మీద చెల్లాచెదురు కావడం డేటాబేస్‌ను ఎక్కువగా దెబ్బతీసింది. ఆ అంకెలు నాటి డిస్కులవి, నేటి ఎస్‌ఎస్‌డీలకు యథాతథంగా వర్తించవు. పరిమాణాన్ని బట్టి చోటు మారాలన్న మాట మాత్రం నిలిచింది.

పెద్ద ఫైలును ముక్కలు చేస్తే పరిమాణం సమస్యే ఉండదు కదా అన్నది తర్వాతి మలుపు. 2003లో గూగుల్ ఇంజినీర్లు వివరించిన గూగుల్ ఫైల్ సిస్టమ్‌లో ఫైళ్లు 64 ఎంబీ ముక్కలుగా చీలి, ఒక్కో ముక్క మామూలుగా మూడు యంత్రాల్లో ఉండేది. డేటాబేస్‌లు కూడా అదే దారి పట్టి డేటాను అనేక యంత్రాల మీద పరిచాయి. అలాంటి తన డైనమో వ్యవస్థ గురించి 2007లో అమెజాన్, తన కసాండ్రా గురించి 2008లో ఫేస్‌బుక్ బయటపెట్టాయి. కసాండ్రా రూపకర్తల్లో ఒకరైన అవినాశ్ లక్ష్మణ్ అంతకుముందు డైనమో బృందంలో కూడా పనిచేసినవారే. 2009లో మాంగోడీబీ వచ్చింది. మామూలు వెబ్ అప్లికేషన్ల అప్‌లోడ్‌లకు దగ్గరగా వచ్చింది ఇదే, కారణం గ్రిడ్‌ఎఫ్‌ఎస్ అనే దాని ఏర్పాటు.

మాంగోడీబీలో ఒక్కో రికార్డును డాక్యుమెంట్ అంటారు. ఒక డాక్యుమెంట్ 16 ఎంబీ దాటకూడదు. గ్రిడ్‌ఎఫ్‌ఎస్ ఆ పరిమితిని దాటేందుకు ఫైలును 255 కేబీ ముక్కలుగా కోసి, ముక్కలన్నిటినీ ‘చంక్స్’ అనే పట్టికలో, ఫైలు వివరాలను ‘ఫైల్స్’ అనే పట్టికలో రాస్తుంది. రెండో దాంట్లో ఫైలుకో డాక్యుమెంట్ ఉంటుంది. గుర్తింపు సంఖ్య, పేరు, మొత్తం పొడవు, ముక్క పరిమాణం, ఎక్కించిన సమయం, అప్లికేషన్ చేర్చుకునే ఇతర వివరాలు అందులో ఉంటాయి. చంక్స్‌లోని ప్రతి ముక్క మీదా అది ఏ ఫైలుదో, ఎన్నో ముక్కో రాసి ఉంటుంది. వారపత్రికలో సీరియల్‌గా వచ్చే నవలకు వారం వారం భాగం సంఖ్య వేసినట్టే, ఆ సంఖ్యను బట్టి ముక్కలు వరుసలోకి వస్తాయి. ఒకే ఫైలుకు ఒకే సంఖ్యతో రెండు ముక్కలు పడకుండా ఇండెక్స్ అడ్డుకుంటుంది.

సరిగ్గా 5 ఎంబీ ఉన్న ఫోన్ ఫొటో 21 ముక్కలవుతుంది. 20 ముక్కలు నిండుగా, చివరిది 20 కేబీ. 1 జీబీ వీడియో 4,113 ముక్కలు. ఆ వీడియోను మధ్యనుంచి చూడదలిస్తే మొదటినుంచి చదవనక్కర్లేదు. కావలసిన బైటు సంఖ్యను 261120తో భాగిస్తే ఏ ముక్క దగ్గర మొదలుపెట్టాలో తెలిసిపోతుంది. బ్రౌజర్ వీడియో ప్లేయర్లు అడిగేది కూడా ‘ఫలానా బైటు నుంచి ఫలానా బైటు దాకా’ అనే.

అప్లికేషన్ వైపు చేయాల్సిన పని కొద్దిగానే ఉంటుంది, కానీ తప్పు జరిగేది అక్కడే. వచ్చే ఫైలును మొత్తంగా మెమరీలోకి తీసుకుని, ఆ తర్వాత డేటాబేస్‌కు ఇవ్వడం అన్నిటికన్నా సులువైన కోడ్. వందేసి ఎంబీల ఫైళ్లు ఇరవై ఒకేసారి వస్తే 2 జీబీ మెమరీ పోతుంది, సర్వర్ కూలుతుంది. సరైన దారి ప్రవాహంగా నడపడం: బ్రౌజర్ నుంచి వస్తున్న బైట్లను వస్తున్నవి వస్తున్నట్టే గ్రిడ్‌ఎఫ్‌ఎస్‌లోకి పంపడం, డేటాబేస్ వెనకబడితే బ్రౌజర్ వైపు కూడా వేగం తగ్గించడం. అప్లికేషన్లు వాడే మాంగోడీబీ డ్రైవర్లలో ఇందుకు తగిన ప్రవాహాలు ఉన్నాయి. దీనికి ముందే చూసుకోవాల్సినవి పరిమితులు. ఎంజినెక్స్ వెబ్ సర్వర్, ఏమీ మార్చకపోతే, 1 ఎంబీ మించిన అభ్యర్థనను తిప్పికొడుతుంది. పీహెచ్‌పీ అయితే ఫైలుకు 2 ఎంబీ దగ్గర ఆపుతుంది. కొత్త నిల్వ పెట్టాక కూడా ‘అప్‌లోడ్ విఫలం’ అని కనిపిస్తే డేటాబేస్‌ను అనుమానించే ముందు ఈ రెండు అంకెలు చూడటం మేలు.

గ్రిడ్‌ఎఫ్‌ఎస్‌లో రాసే వరుస చాలా తెలివైనది. ముందు ముక్కలన్నీ రాస్తుంది, అవన్నీ పూర్తయ్యాకే ఫైల్స్ పట్టికలో డాక్యుమెంట్ పెడుతుంది. కాబట్టి కరెంటు పోయో నెట్ తెగిపోయో సగంలో ఆగిన ఫైలు ఎవరికీ కనిపించదు. తీసేసేటప్పుడు ఇదే తలకిందులు: ముందు ఫైల్స్ డాక్యుమెంట్, ఆ తర్వాత ముక్కలు. ఏ దశలో ఆగిపోయినా మిగిలేది యజమాని లేని ముక్కలే గాని, ముక్కలు లేని ఫైలు కాదు.

అప్లికేషన్ కూడా తన దరఖాస్తు రికార్డుకు ఇదే వరుస పాటించాలి. గ్రిడ్‌ఎఫ్‌ఎస్ మాంగోడీబీ లావాదేవీల్లో, అంటే ‘అన్నీ జరగాలి లేదా ఏదీ జరగకూడదు’ అనే కట్టుబాటులో, పాలుపంచుకోదు. ఫైలూ రికార్డూ ఒకే డేటాబేస్‌లో ఉన్నంత మాత్రాన వాటి మధ్య ముడి దానంతట అది పడదు. ఈ సంగతి చాలా పరిచయ వ్యాసాలు దాటేస్తాయి. ఫైలు ఎక్కించి, దాని గుర్తింపు సంఖ్య తీసుకుని, ఆ తర్వాతే దరఖాస్తులో రాయాలి. మధ్యలో ఆగితే ఎవరూ అడగని ఫైలు ఒకటి మిగులుతుంది. రోజుకోసారి నడిచే చిన్న ప్రోగ్రాం, ఒక రోజు దాటినా ఏ దరఖాస్తుకూ చెందని ఫైళ్లను ఏరేస్తే సరిపోతుంది. వరుస తప్పితే మాత్రం ఫైలు లేని చిరునామా మిగులుతుంది, దాన్ని ఏ ప్రోగ్రామూ బాగుచేయలేదు. విద్యార్థినే మళ్లీ అడగాలి.

అనేక యంత్రాల మీద పరచడం రెండు తీర్ల జరుగుతుంది. ఒకటి నకళ్లు ఉంచడం. సాధారణంగా మూడు యంత్రాలు ఒక జట్టుగా ఉంటాయి. ఒకటి ప్రధానం, రాతలన్నీ దానికే వెళ్తాయి, మిగతా రెండూ దాని చిట్టా చూసి తమ నకలు తాము రాసుకుంటాయి. ప్రధానం 10 సెకన్లపాటు పలకకపోతే మిగతావి ఎన్నిక జరిపి కొత్త ప్రధానాన్ని నిలబెడతాయి. ఆ కొద్ది సెకన్లలో వచ్చే అప్‌లోడ్‌లు ఆగుతాయి లేదా విఫలమవుతాయి. కాబట్టి మళ్లీ ప్రయత్నించే కోడ్ ఉండాలి.

ఇక్కడ నిర్ణయించుకోవాల్సింది ‘రాశాను’ అన్న మాటను ఎప్పుడు నమ్మాలన్నది. ప్రధాన యంత్రం ఒక్కటే రాసుకుని సరే అంటే సరిపోతుందనుకుంటే, అది వెంటనే కూలినప్పుడు ఆ ఫైలు కొత్త ప్రధానంలో ఉండకపోవచ్చు. విద్యార్థికి ‘విజయవంతం’ అని చూపించేశాక ఫైలు మాయమవుతుంది. అందుకే మూడింటిలో కనీసం రెండు రాసుకునేదాకా ఆగే పద్ధతి ఉంది. మాంగోడీబీ 5.0 నుంచి చాలా జట్లలో మామూలుగా ఇదే నడుస్తుంది. చదవడంలో ఇంకో మెలిక. భారం తగ్గించేందుకు నకలు యంత్రాల నుంచి చదివితే, అవి సెకనులో కొంత భాగం వెనకబడి ఉండవచ్చు. ఇప్పుడే పెట్టిన ఫైలు ‘దొరకలేదు’ అని వస్తుంది. మొదట్లో రెండు సర్వర్ల మధ్య కనిపించిన తప్పే మరో వేషంలో తిరిగొచ్చిందన్నమాట. ఎక్కించినవారికి మాత్రం ప్రధాన యంత్రం నుంచే చూపించడం సులువైన విరుగుడు.

మూడు యంత్రాలూ ఒకే గదిలో ఉంటే ఒకే అగ్నిప్రమాదానికి మూడూ పోతాయి. క్లౌడ్ సంస్థలు ఒక ప్రాంతంలోనే విడివిడి కరెంటు, విడివిడి భవనాలున్న కేంద్రాలు నడపడం ఇందుకే. అమెజాన్ 2022 నవంబరులో తెరిచిన హైదరాబాద్ ప్రాంతంలో అలాంటి కేంద్రాలు మూడున్నాయి. హైదరాబాద్‌లో కొన్ని, ముంబయిలో కొన్ని పెడితే ఇంకా భద్రం, కానీ దూరానికి ధర చెల్లించాలి. రెండు నగరాల మధ్య గాలిదారిలోనే 600 కిలోమీటర్ల పైచిలుకు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వెళ్లి రావడానికే కనీసం 6 మిల్లీసెకన్లు. ఒక్కో ముక్కకూ విడిగా ఒప్పుకోలు కోసం ఆగితే 21 ముక్కల ఫొటోకు ఇది ఎవరికీ తెలియదు, 4,113 ముక్కల వీడియోకు మాత్రం 25 సెకన్లు ఊరికే కాచుకోవడంలో పోతాయి.

రెండో తీరు పంచడం, అంటే షార్డింగ్. అన్ని ముక్కలూ ఒక జట్టులో పట్టనప్పుడు కొన్ని ఒక జట్టుకు, కొన్ని మరో జట్టుకు పంచుతారు. దేన్నిబట్టి పంచాలన్నది ఒకసారి తప్పుగా ఎంచుకుంటే తర్వాత దిద్దుకోవడం కష్టం. మాంగోడీబీ ఇచ్చే గుర్తింపు సంఖ్యలో మొదటి 4 బైట్లు సమయం. సంఖ్య వరుసలోనే పంచితే కొత్త ఫైళ్లన్నీ చివరి జట్టుకే పోయి, మిగతావి ఖాళీగా కూర్చుంటాయి. సంఖ్యను హ్యాష్ చేసి, అంటే గజిబిజి చేసి పంచితే భారం సమానంగా పరుచుకుంటుంది. ఒక ఫైలు ముక్కలన్నీ మాత్రం ఒకే జట్టులో ఉంటాయి. కొన్ని వేల దరఖాస్తుల సైటుకు షార్డింగ్ అసలు అవసరం లేదు. మూడు నకళ్లు చాలు.

ఫైలు పేర్ల విషయం తెలుగు సైట్లకు ప్రత్యేకంగా తగులుతుంది. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఎక్స్‌ట్4 ఫైల్ వ్యవస్థలో పేరు 255 బైట్లు మించకూడదు. తెలుగు లిపిలో ఒక్కో సంకేతానికి 3 బైట్లు. ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి 85 సంకేతాలతో పేరు ఆగిపోతుంది. డేటాబేస్‌లో ఈ ఇరుకు లేదు. ఇంకో చిక్కు మాత్రం అక్కడా ఉంటుంది. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వానికి ఐత్వపు గుర్తు జోడించి రెండుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి, బైట్లు వేరు. పాత మ్యాక్ కంప్యూటర్ల ఫైల్ వ్యవస్థ పేర్లను విడదీసిన రూపంలోనే దాచేది. అలాంటి మ్యాక్ నుంచి వచ్చిన ‘కైకలూరు’ను విండోస్‌లో టైపు చేసిన ‘కైకలూరు’తో వెతికితే దొరకదు. పేరును ఒకే రూపానికి మార్చి దాచడం, వెతికేటప్పుడు కూడా అదే రూపానికి మార్చడం తప్పనిసరి. ఎలాగూ గ్రిడ్‌ఎఫ్‌ఎస్‌లో ఒకే పేరుతో ఎన్ని ఫైళ్లైనా ఉండవచ్చు, కాబట్టి ఫైలును గుర్తుపట్టాల్సింది సంఖ్యతోనే.

భద్రత వైపు ఒక లాభం అడగకుండానే వస్తుంది. ఫోల్డర్‌లో పెట్టే పద్ధతిలో దుండగులు ఫొటో అని చెప్పి పీహెచ్‌పీ ప్రోగ్రాం ఎక్కించి, దాని లింకు నొక్కి సర్వర్‌లో నడిపించడం పాత ఎత్తు. డేటాబేస్‌లోని ముక్కలను వెబ్ సర్వర్ నేరుగా నడపలేదు. అయినా హెచ్‌టీఎంఎల్, ఎస్‌వీజీ ఫైళ్లు చూసేవారి బ్రౌజర్‌లో నడుస్తాయి గనుక, ఫైలు రకాన్ని పేరు చివరను బట్టి కాకుండా మొదటి బైట్లను బట్టి తేల్చుకుని, అనుమతించిన రకాలనే తీసుకోవాలి.

ఇప్పుడు ఖర్చు. 1 టీబీ ఫైళ్లకు మూడు నకళ్లంటే 3 టీబీ డిస్కు. డేటాబేస్‌కు చవక డిస్కులు పనికిరావు. జేపెగ్ ఫొటోలు ముందే కుదించినవి కాబట్టి డేటాబేస్ కుదింపు వాటిని పెద్దగా తగ్గించదు. అంతకన్నా మెల్లగా తగిలే దెబ్బ మెమరీ మీద. మాంగోడీబీ నిల్వ యంత్రాంగం మామూలుగా మొత్తం మెమరీలోంచి 1 జీబీ తీసేసి, మిగిలినదాంట్లో సగాన్ని తన కాషేగా వాడుకుంటుంది. 16 జీబీ యంత్రంలో అది 7.5 జీబీ. తరచూ అడిగే దరఖాస్తు రికార్డులు అక్కడ ఉండటంవల్లే సైటు చురుగ్గా ఉంటుంది. పెద్ద ఫైళ్లు చదివిన కొద్దీ వాటి ముక్కలు వచ్చి కూర్చుని ఆ రికార్డులను బయటికి నెడతాయి. ఫైళ్లకు వేరే జట్టు పెట్టడం, లేదా బహిరంగంగా చూపించే బొమ్మల ముందు సీడీఎన్, అంటే వాటి నకళ్లను చూసేవారికి దగ్గర్లో ఉంచే సర్వర్ల వల, పెట్టడం దీనికి మందు. 16 ఎంబీ మించని ఫైళ్లే ఉంటే గ్రిడ్‌ఎఫ్‌ఎస్ కాకుండా ఒక్కో ఫైలును ఒక్కో డాక్యుమెంట్‌లో పెట్టే సంగతి ఆలోచించమని మాంగోడీబీ పత్రాలే చెబుతాయి. స్కాన్ చేసిన మెమోలకు ఆ సలహా బాగా నప్పుతుంది.

ఫొటోలే ప్రధానమైన సైట్లది వేరే లెక్క. 2010లో ఫేస్‌బుక్ ఇంజినీర్లు హేస్టాక్ అనే తమ నిల్వను వివరించేనాటికి అక్కడ 26 వేల కోట్లకు పైగా బొమ్మలున్నాయి. ఒక్క ఫొటో చదవడానికి దాని వివరాల కోసమే డిస్కును పలుమార్లు తిప్పాల్సి రావడం వాళ్ల బాధ. లక్షలాది ఫొటోలను ఒక పెద్ద ఫైలులోకి కుక్కి, ఏది ఎక్కడుందో చెప్పే సూచికను మెమరీలో పెట్టుకున్నారు. అంత సొంత నిర్మాణం చేసుకోలేనివారికి 2006 మార్చిలో వచ్చిన అమెజాన్ ఎస్3 లాంటి ఆబ్జెక్ట్ నిల్వలున్నాయి. పెద్ద వీడియోలకు అవే చవక. పరిమిత సమయం చెల్లే సంతకపు లింకు ఇస్తే బ్రౌజర్ నేరుగా అక్కడికే పంపేస్తుంది, అప్లికేషన్ సర్వర్ మీద బైటు కూడా పడదు. అయితే ఎస్3తో ఫైలు ఒకచోట, చిరునామా మరోచోట అన్న పాత పరిస్థితి మళ్లీ మొదలవుతుంది. రాసే వరుస, ఏరివేత ప్రోగ్రాం అక్కడా కావాలి.

ఇప్పటికే నడుస్తున్న సైటును మార్చడం ఒక్క రాత్రి పని కాదు. ముందు కొత్త ఫైళ్లను కొత్త చోటికే రాస్తూ, చదివేటప్పుడు కొత్త చోట దొరకకపోతే పాత ఫోల్డర్‌లో చూసే కోడ్ పెడతారు. తర్వాత వెనక నుంచి పాతవాటిని కొద్దికొద్దిగా తరలిస్తారు. ఒక్కో ఫైలుకూ రెండు చోట్లా ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ లెక్కించి సరిపోల్చాలి. గ్రిడ్‌ఎఫ్‌ఎస్ ఒకప్పుడు తానే రాసుకునే ఎండీ5 చెక్‌సమ్‌ను ఇప్పుడు వదిలేసింది కాబట్టి ఆ పని అప్లికేషన్‌దే. పాత ఫోల్డర్‌ను కొన్ని నెలలు చదవడానికి మాత్రమే ఉంచి, ఎవరూ దాన్ని తాకడం లేదని లాగ్‌లు చెప్పాకే తీసేయాలి.

తీసేయడమంటే వ్యక్తిగత పత్రాల విషయంలో ఇంకొంచెం బరువైన మాట. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తమ డేటాను చెరిపేయమని కోరే హక్కును పౌరులకు ఇచ్చింది. అభ్యర్థన రాగానే ఫైల్స్ డాక్యుమెంట్, ముక్కలు పోతాయి, నకళ్లలోనూ క్షణాల్లో పోతాయి. బ్యాకప్‌లలో మాత్రం ఆ ఆదాయ ధ్రువపత్రం అలాగే ఉంటుంది. 30 రోజుల బ్యాకప్‌లు ఉంచే సైటులో అది నిజంగా పోవడానికి మరో 30 రోజులు పడుతుంది, ఈలోగా పాత బ్యాకప్ నుంచి నిలబెడితే తిరిగొస్తుంది కూడా. అందుకని తొలగించిన సంఖ్యల జాబితాను విడిగా దాచుకుని, నిలబెట్టిన ప్రతిసారీ వాటిని మళ్లీ తొలగించాలి. ఖాళీ అయిన చోటును మాంగోడీబీ కొత్త ఫైళ్లకు వాడుకుంటుంది గాని ఆపరేటింగ్ సిస్టమ్‌కు వెంటనే తిరిగి ఇవ్వదు. లక్ష ఫైళ్లు తీసేసినా డిస్కు మీద ఖాళీ పెరగలేదని కంగారు పడనక్కర్లేదు, కావాలంటే కాంపాక్ట్ ఆదేశం నడపవచ్చు.